ఇది ఏ ఊరు అవ్వా? – భాషా పరీక్షలతో నా అనుభవం

అమీర్‌పేటలో నేను చేరిన జర్మన్ కోచింగ్‌లో ప్రతి శనివారం యాభై మార్కులకు పరీక్ష పెట్టేవారు. పది నెలల్లో నాకు నలభై రెండుకు తక్కువ ఎప్పుడూ రాలేదు. నామవాచకం ముందు డెర్ రావాలా, డీ రావాలా, డాస్ రావాలా, ఇంగ్లిష్ మాటకు జర్మన్ మాట, ఖాళీలు పూరించడం. సికింద్రాబాద్‌లోని ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి, మెట్రోలో కునుకు తీస్తూ వెళ్లి రాసినా నలభై ఆరు, నలభై ఏడు. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ఉన్న నాయినకు ప్రతి వారం ఫోన్ చేసి మార్కులు చెప్పేదాన్ని. ఆయన గోడ క్యాలెండర్ మీద ఆ తారీఖు గడిలోనే రాసుకునేవాడు.

ఆ తర్వాత గ్యోటె ఇన్‌స్టిట్యూట్ వారి బీ1 పరీక్ష రాశాను. చదవడం 77. మాట్లాడటం 62. వినడం 53. రాయడం 46. ఒక్కో విభాగానికి నూటికి అరవై రావాలి. అంటే సగం పాసు, సగం ఫెయిలు. నాయిన ఆ రోజు క్యాలెండర్ గడిలో ఏమీ రాయలేదు. "శనివారం మార్కులు మంచిగనే వచ్చినయ్ కదా బిడ్డా, మరి గిదేంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. దొరికాక అది జర్మన్‌తోనే ఆగలేదు, మా వార్డులోకి కూడా వచ్చింది. ఈ రాత దాని గురించే.

నేను స్టాఫ్ నర్సును. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే చాలా రాష్ట్రాల్లో బీ2 స్థాయి అడుగుతారు. దాని కింది మెట్టు బీ1. ఏ1 నుంచి సీ2 దాకా ఈ ఆరు మెట్లను కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ఒక చట్రంగా ప్రచురించింది. ఒక్కో మెట్టు మీద ఉన్న మనిషి ఆ భాషతో ఏ పని చేయగలడో అందులో రాసి ఉంటుంది. ఏ పని చేయగలడు అన్నదే అక్కడ అసలు సంగతి, ఎన్ని మాటలు తెలుసు అన్నది కాదు. పది నెలలు ఫీజు కట్టిన నాకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు. అమీర్‌పేటలో చెప్పిందల్లా ఒకటే: "మూడు టాపిక్‌లు బట్టీ పట్టండి, ఏది వచ్చినా అటు తిప్పుకోండి."

పరీక్ష రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పాస్‌పోర్టు చూసి, ఫోన్లు తీసి పక్కన పెట్టించి లోపలికి పంపారు. చదవడం అరవై ఐదు నిమిషాలు, బాగానే సాగింది. తర్వాత వినడం, నలభై నిమిషాలు. అందులో నాలుగు భాగాలు. మొదటిదీ చివరిదీ రెండేసి సార్లు వినిపిస్తారు, మధ్యలో రెండూ ఒక్కసారే. రెండో భాగంలో ఎవరో సందర్శకులకు ఒక చోటు గురించి చెబుతున్నారు. "హాల్ప్ ఆఖ్ట్" అన్న మాట వినపడింది. హాల్ప్ అంటే సగం, ఆఖ్ట్ అంటే ఎనిమిది. ఎనిమిదిన్నర అని టిక్కు పెట్టేశాను. పెట్టిన మరుక్షణం గుర్తొచ్చింది, జర్మన్‌లో అది ఏడున్నర: ఎనిమిదిలోకి సగం దూరం వెళ్లామని వాళ్ల లెక్క. టిక్కు కొట్టేసి సరిచేసేలోపు రెండు ప్రశ్నలు దాటిపోయాయి. అవి మళ్లీ రావు.

రాయడంలో జరిగింది ఇంతకంటే ఘోరం. గంటలో మూడు రాతలు: స్నేహితులకు ఒక ఈమెయిల్, ఒక చర్చ మీద మన అభిప్రాయం, మర్యాదగా రాసే చిన్న ఈమెయిల్. అభిప్రాయం రాయమన్న విషయం దుకాణానికి వెళ్లి కొనడం మంచిదా, ఆన్‌లైన్‌లో కొనడమా అని. నేను బట్టీ పట్టింది ఆరోగ్యంగా బతకడం గురించి. "అటు తిప్పుకోండి" అన్నారు కదా, తిప్పాను. దుకాణానికి నడిచి వెళ్తే ఆరోగ్యం అని ఒక వాక్యం రాసి, మిగతా ఎనభై మాటలూ కూరగాయలు, నిద్ర, వ్యాయామం. వ్యాకరణంలో తప్పు లేదు. చాలా బాగా రాశానని సంతోషంగా బయటికి వచ్చాను.

ఫలితాల కాగితంలో విభాగానికో అంకె ఉంటుంది, అంతే. ఏ రాతకు ఎన్ని వచ్చాయో, ఎక్కడ పోయిందో అందులో ఉండదు. ఉండాల్సిన అవసరం కూడా లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ కాగితం పట్టుకుని హాస్టల్లో రెండు రోజులు ఏడ్చాను.

మా హాస్టల్లో విదేశీ భాషా పరీక్ష రాయని వాళ్లు తక్కువ. పక్క గది అమ్మాయి ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాసింది. అందులో పాసు, ఫెయిలు అని ఉండవు. తొమ్మిది దాకా బ్యాండ్ ఇస్తారు, ఎంత చాలునో అడిగిన యూనివర్సిటీ చెబుతుంది. ఎదురు గది అమ్మాయి జపాన్‌లో కేర్‌గివర్ పనికి వెళ్లాలని జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి పాసయింది. ఆ పరీక్షలో మాట్లాడే విభాగమే లేదు, అన్నీ జవాబు ఎంచుకునే ప్రశ్నలే. సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వీడియో ఇంటర్వ్యూలో కూర్చుంటే, అవతలి ఆమె అడిగిన రెండో ప్రశ్నకే ఈమెకు నోట మాట రాలేదు. పరీక్ష అబద్ధం చెప్పలేదు. చదివి, విని అర్థం చేసుకోగలదని చెప్పింది, అది నిజమే. మాట్లాడగలదని అది ఎప్పుడూ అనలేదు. మనమే అలా అనుకున్నాం.

తార్నాకలో ఒక మేడమ్ గురించి చెప్పింది ఆ అమ్మాయే. ఆవిడ ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో సీఫెల్ అయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన చోటు అది. పేరు మారినా తార్నాకలో పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. మేడమ్ ఇంట్లోనే నలుగురైదుగురికి జర్మన్ చెబుతారు. వెళ్లగానే, "ముందు రెండు గంటలు కూర్చో, చూద్దాం" అన్నారు.

మళ్లీ పరీక్షే! గుండె జారింది. ఆవిడ నా మొహం చూసి అడిగారు: "మీ ఆసుపత్రిలో రక్త పరీక్షలో ఎవరైనా ఫెయిలవుతారా అమ్మా?"

నాకు కళ్లు తెరిపించిన మాట అది. నర్సుకు ఇంకొకరు చెప్పాలా? ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర రోగిని చూసి ఏ బెడ్‌కు పంపాలో తేల్చేది ఒక పరీక్ష. రోగం ఎక్కడుందో వెతికేది ఇంకొకటి. నాలుగు గంటలకోసారి బీపీ, టెంపరేచర్ చూసి చార్టులో వేసేది మరొకటి, మందు పని చేస్తోందో లేదో తెలియడానికి. ఉద్యోగంలో చేరే ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం చేసేది పూర్తిగా వేరు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూసి మందు రాయరు. భాషలో కూడా అంతే. ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చేది, లోపం వెతికేది, నేర్పింది ఎక్కిందో లేదో చూసేది, ఎక్కడ ఎలా నేర్చుకున్నా సరే ఇప్పుడు ఎంత వచ్చో బయటివాళ్లకు చెప్పేది – ఇవి వేర్వేరు పరీక్షలు. అమీర్‌పేట శనివారాల్లో నేను రాసింది మూడో రకం. అదీ కేవలం వాళ్లు చెప్పిన పాఠం మీద. బీ1 నాలుగో రకం. మూడోదాంట్లో వచ్చిన నలభై ఏడు నాలుగోదాని గురించి ఏమీ చెప్పదు. నాయిన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఆ రెండు గంటల్లో మేడమ్ నా చేత చేయించిన వాటిలో ఒకటి నాకు బాగా నచ్చింది. నాలుగు చిన్న పేరాలు ఇచ్చారు. మొదటి వాక్యం పూర్తిగా ఉంటుంది. రెండో వాక్యం నుంచి ఒక మాట విడిచి ఒక మాటలో రెండో సగం ఎగరగొట్టి ఉంటుంది, దాన్ని నింపాలి. సీ-టెస్ట్ అంటారు. 1980ల మొదట్లో జర్మనీలో రాట్స్, క్లైన్-బ్రేలీ అనే ఇద్దరు తయారుచేశారు. దానికి ముందు క్లోజ్ అని ఒకటుండేది, లెక్క ప్రకారం ఇన్నో మాట చొప్పున మొత్తం మాటే తీసేసేది. ఆ క్లోజ్ కథ విచిత్రం. 1953లో విల్సన్ టేలర్ దాన్ని తెచ్చింది మనుషులను కొలవడానికి కాదు, ఒక పాఠం చదవడానికి ఎంత సులువో కొలవడానికి. తర్వాత దాన్నే భాష నేర్చుకునేవాళ్ల మీద వాడారు. పనిముట్టు ఒకటే, ప్రశ్న మారింది. సగం మాటలు నింపుతుంటే నాకు తెలిసిపోయింది, ఎక్కడ నాకు భాష వచ్చు, ఎక్కడ ఊహిస్తున్నాను అని.

తర్వాత ఫోన్‌లో రికార్డు చేస్తూ పది నిమిషాలు మాట్లాడించారు. వార్తల ముక్కలు వినిపించి, విన్నది తెలుగులో చెప్పమన్నారు. తెలుగులో ఎందుకంటే, నేను జర్మన్‌లో చెప్పలేకపోతే అది వినడంలో లోపమో మాట్లాడటంలో లోపమో ఆవిడకు తెలియదు. ఎంత చిన్న జాగ్రత్త! అది నా మనసులో నాటుకుపోయింది.

చివర్లో మార్కులు ఇవ్వలేదు. ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్నది దాదాపు ఇది: తెలియని మాట దగ్గర ఆగిపోతున్నావు, ఆగిన చోట తర్వాతి వాక్యం పోతోంది. అంకెలు తిరగబడుతున్నాయి. వాక్యం చివరిదాకా వినకుండా నిర్ణయానికి వస్తున్నావు. రాసేటప్పుడు ప్రశ్న చదవడం లేదు.

అంకెల సంగతి: జర్మన్‌లో ముప్ఫై ఐదును "ఐదూ ముప్ఫై" అంటారు. యాభై మూడును "మూడూ యాభై" అంటారు. మందు మోతాదు వినాల్సిన నర్సుకు ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? వాక్యం చివర సంగతి ఇంకా లోతైనది. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయి. "సాగె" అని మధ్యలో వస్తుంది, చివర "త్సూ" వస్తే ఒప్పుకున్నట్టు, "ఆప్" వస్తే రద్దు చేసుకున్నట్టు. ఆఖరి మాట దాకా ఆగకపోతే, రానన్న మనిషి కోసం కుర్చీ వేసి కూర్చుంటాం. మేడమ్ అన్నారు, "నువ్వు తెలుగుదానివి. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం నీకు పుట్టుకతో వచ్చింది. 'వెళ్లాను' అంటావో, 'వెళ్లలేదు' అంటావో చివర్లోనే కదా తేలేది? నువ్వు జర్మన్‌ను ఇంగ్లిష్ మీదుగా వింటున్నావు, అందుకే తొందర." నిజం. 'వైల్' (ఎందుకంటే) అని మొదలయ్యే వాక్యాల్లో క్రియ చివరికి వెళ్తుంది, అచ్చం మన 'కాబట్టి' వాక్యంలోలాగా. ఆ రోజు నుంచి జర్మన్‌ను తెలుగు చెవితో వినడం మొదలుపెట్టాను.

రాయడం గురించి ఆవిడ చెప్పింది విన్నాక నా 46 ఎలా వచ్చిందో అర్థమైంది. దిద్దేవాళ్లు మొత్తం చూసి ఒక మార్కు వేయరు. అడిగింది చేశావా, మాటకు మాటకు పొందిక ఉందా, పదజాలం, వాక్య నిర్మాణం – ఇలా విడివిడిగా వేస్తారు. మొదటిదాంట్లో, అడిగింది చేశావా అన్నదాంట్లో, సున్నా పడితే ఆ రాత మొత్తానికీ సున్నానే. నా కూరగాయల వ్యాసం ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. మొదట్లో అన్యాయం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే న్యాయమే. నొప్పి ఎక్కడ అని డాక్టరు అడిగితే, రోగి ఎంత చక్కని భాషలో వాతావరణం గురించి చెప్పినా ఏం ఉపయోగం?

ఒకరోజు మేడమ్ నాకూ ఇంకో అమ్మాయికీ ఒకే ఉత్తరం ఇచ్చి, విడివిడిగా ఇరవైకి దిద్దమన్నారు. నేను పద్నాలుగు వేశాను. ఆ అమ్మాయి ఎనిమిది. ఇద్దరం వాదించుకున్నాం. నాకు భావం నచ్చింది, ఆమెకు తప్పులు కనిపించాయి. అప్పుడు కొలతలు ముందు పెట్టుకుని మళ్లీ దిద్దాం. పదకొండు, పన్నెండు. అసలు పరీక్షలో రాతను ఇద్దరు విడివిడిగా దిద్దేదీ, మాట్లాడేటప్పుడు ఎదురుగా ఇద్దరు కూర్చునేదీ ఇందుకే.

ఐసీయూలో పనిచేసినదాన్ని కాబట్టి నాకు వెంటనే రోగికి స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ గుర్తొచ్చింది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేసింది. అంతకుముందు ఒకరు మగత అంటే ఒకరు అపస్మారకం అనేవారు. కళ్లు తెరవడానికి నాలుగు, మాటకు ఐదు, కదలికకు ఆరు, మొత్తం పదిహేను. ప్రతి అంకె ఎదురుగా ఏం కనిపిస్తే ఆ అంకె వేయాలో రాసి ఉంటుంది. మాటలో తాను ఎవరో, ఎక్కడున్నాడో సరిగ్గా చెబితే ఐదు, తికమకగా చెబితే నాలుగు. భాషా పరీక్షల కొలతలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయని ఆ రోజు తట్టింది. తట్టిన పది రోజులకే ఆ స్కేల్ మా వార్డులో దెబ్బతినడం చూశాను.

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ. కింద పడి తలకు దెబ్బ. రాత్రి డ్యూటీలో మణిపూర్ నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. శ్రద్ధగల పిల్ల, ఒక్క గంట చార్టు తప్పదు. పొద్దున నేను హ్యాండోవర్ తీసుకుంటే మాటకు నాలుగు, మొత్తం పద్నాలుగు అని ఉంది. సాయంత్రం డ్యూటీలో పదిహేను, పొద్దుటికి పద్నాలుగు! స్కాన్‌కు పంపాలా అని డాక్టరును పిలవబోతున్నారు. నేను మంచం దగ్గరికి వెళ్లి అడిగాను.

"అవ్వా, ఇది ఏ ఊరు?"

"హైద్రాబాదు గదమ్మా. దవాఖాన. నా కొడుకేడి, చాయ్ తాగను పోయిండా?"

ఐదుకు ఐదు. రాత్రంతా ఆ అవ్వను హిందీలో అడిగారు. ఆమెకు అర్థం కాక ఏదో ఒకటి చెప్పింది. అది తికమక కింద నమోదైంది. అమ్మాయి తప్పు లేదు, తనకు వచ్చిన భాషలోనే అడిగింది. కానీ ఆ స్కేల్ అవ్వ తెలివిని కొలవలేదు, అవ్వ హిందీని కొలిచింది. దీనికి వ్యతిరేకంగా జరిగి ఉంటే? నిజంగా స్పృహ తగ్గుతుంటే, భాష రాక అలా చెబుతోందిలే అని వదిలేసి ఉంటే? ఆ రోజు డ్యూటీలో నా చేతులు చల్లబడ్డాయి.

సూపరింటెండెంట్ గారికి విషయం చెప్పాను. ఆవిడ వెంటనే, "కొత్తవాళ్లకు తెలుగు నేర్పుదాం. ఎవరికి ఎంత వచ్చో ముందు ఒక పరీక్ష పెట్టు" అన్నారు. మా ఆసుపత్రిలో కేరళ వాళ్లు, ఈశాన్య రాష్ట్రాల వాళ్లు, ఒడిశా వాళ్లు కలిసి పంతొమ్మిది మంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఇన్ని నేర్చుకుని కూడా, మొదటి పరీక్ష అమీర్‌పేట పద్ధతిలోనే తయారుచేశాను. అక్షరమాల రాయండి. ఈ ఇంగ్లిష్ మాటలకు తెలుగు రాయండి. ఖాళీలు పూరించండి. చేతికి అలవాటైన దారి అది. ఫలితం చూసి నాకే నోరు పెగల్లేదు. ఆరేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న చేచి – కేరళ అక్కను అందరం అలాగే పిలుస్తాం – అయిదు మార్కులు. వార్డులో ఏ ముసలాయన మొండికేసినా ఆమెనే పిలుస్తారు, తెలుగులో బుజ్జగించి మాత్ర మింగిస్తుంది. ఒక్క అక్షరం రాయలేదు. ఎప్పుడూ అవసరం రాలేదు, మా కేస్ షీట్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. యాప్‌లో నేర్చుకుని అక్షరాలు ముత్యాల్లా రాసిన ఇంకో అమ్మాయికి ముప్ఫై ఎనిమిది. ఆమెకు "కండ్లు తిరుగుతున్నయ్" అని రోగి చెబితే కంటి డాక్టరుకు రాయించబోయింది.

ఆ కాగితాలు మేడమ్‌కు చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు. "వీళ్లు తెలుగుతో ఏం చేయాలి?" అని మాత్రం అడిగారు.

వినాలి. అడగాలి. చెప్పాలి. రాయనక్కర్లేదు. అంతే కదా! మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. సీ-టెస్ట్ తెలుగులో చేస్తే ఎలా ఉంటుందని ఒక సాయంత్రం సరదాపడి చూశాను. మన మాటలో రెండో సగం తీసేస్తే ఎవరు, ఎప్పుడు, అవునా, కాదా – అన్నీ దాంతోనే పోతాయి. 'వెళ్లా' దగ్గర ఆపితే వెళ్లాను, వెళ్లాడు, వెళ్లాలి, ఏదైనా కావచ్చు. అయినా అది చదివేవాళ్ల పరీక్ష. మాకు పనికిరాదని పక్కన పెట్టాను.

మా ఆయమ్మలను, అటెండర్లను కూర్చోబెట్టి రోగుల్లా మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. అసలు రోగుల గొంతులు వాడలేదు, అది వాళ్ల సొంత విషయం. ఆయమ్మలు ఎంత ఉత్సాహంగా చెప్పారో! కడుపుల దేవినట్టయితుంది. కాళ్లు గుంజుతున్నయ్. తల దిమ్ముగ ఉంది. పాణం బాగలేదు. పెయ్యంత నొస్తుంది. నెత్తి పలుగుతుంది. ఒక్కోటి రెండుసార్లు వినిపించి, ఏం చేస్తారో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో చెప్పమనడం. వాళ్లకు వచ్చిన భాషలోనే ఎందుకంటే, మేడమ్ నన్ను తెలుగులో చెప్పమన్న కారణమే.

కొత్తవాళ్లకు పెట్టేముందు తెలుగు నర్సులకు పెట్టి చూశాను. తెలుగువాళ్లే తప్పిన ప్రశ్న అంటే ప్రశ్నలోనే తప్పు ఉండవచ్చు. రెండు అలా దొరికాయి, రికార్డింగ్ బాగా రాలేదు, తీసేశాం. మూడోది "పెయ్యంత నొస్తుంది". గుంటూరు నుంచి వచ్చిన సిస్టర్‌కు అర్థం కాలేదు. వాళ్ల వైపు పెయ్య అంటే ఆవుదూడ. మా వైపు పెయ్యి అంటే ఒళ్లు. దాన్ని తీసేద్దామా అని ఇన్‌చార్జ్ అడిగింది. నేను ఒప్పుకోలేదు. మా వార్డుకు వచ్చేవాళ్లలో సగం మంది ఆ మాటే అంటారు. ప్రశ్నను తీసేయడం కాదు, గుంటూరు సిస్టర్‌కే ఆ మాట చెప్పాం.

మాట్లాడే భాగంలో ఆయమ్మే రోగి. రేపు పొద్దున ఆపరేషన్, రాత్రి నుంచి ఏమీ తినొద్దు, నీళ్లు కూడా వద్దని చెప్పి ఒప్పించాలి. ఆయమ్మ మధ్యలో "చాయ్ అయితే తాగొచ్చు గదా?" అని అడుగుతుంది. మార్కులు నాలుగు మెట్లు: ఒక్కసారి చెబితే రోగికి అర్థమైంది; రెండోసారి చెప్పాల్సి వచ్చింది; చేతి సైగలు కావాల్సి వచ్చాయి; తెలుగు వచ్చిన ఇంకొకరిని పిలవాల్సి వచ్చింది. విభక్తులు తప్పాయా, 'అతను వచ్చింది' అన్నారా – వాటికి మార్కులు కోయలేదు. నేనూ ఇన్‌చార్జీ విడివిడిగా వేసి తర్వాత పోల్చుకున్నాం. మొత్తం పన్నెండు నిమిషాలు. ఈసారి చేచికి అన్నీ మొదటి మెట్టే, ఒక్కటి తప్ప. ముత్యాల్లా రాసే అమ్మాయికి ఎక్కడ నేర్పాలో స్పష్టంగా తెలిసింది.

అంతలో సూపరింటెండెంట్ గారు, "చాలా బాగుంది. ఈసారి ఇంక్రిమెంట్లు దీని ప్రకారమే చూద్దాం" అన్నారు.

నాకు భయమేసింది. పై అధికారికి ఎదురు చెప్పే అలవాటు లేదు. అయినా చెప్పాను. "మేడమ్, ఇది ఎవరికి ఏం నేర్పాలో తెలుసుకోవడానికి చేసింది. పన్నెండు నిమిషాల్లో ఒకరి జీతం తేల్చేంత బలం దీనికి లేదు. అలా చేయాలంటే ప్రశ్నలు చాలా ఉండాలి, మనకు సంబంధం లేని ఇద్దరు దిద్దాలి, మళ్లీ రాసుకునే వీలుండాలి. పైగా జీతంతో ముడిపెట్టిన మర్నాడే అందరూ ఆ వాక్యాలే బట్టీ పడతారు. నేను అలా బట్టీ పట్టే ఫెయిలయ్యాను మేడమ్." ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కాగితాలు డ్రాయర్‌లో పెట్టేశారు. వారం తర్వాత నోటీసు వచ్చింది: ప్రతి బుధవారం డ్యూటీ వేళలోనే అరగంట తెలుగు క్లాసు. ఇంక్రిమెంట్ మాట అందులో లేదు.

నేను బీ1 వినడం, రాయడం మళ్లీ రాశాను. పాసైన విభాగాలు మళ్లీ రాయక్కర్లేదు, ఆ పరీక్షలో నాకు నచ్చేది ఇదే. వినడానికి ముందు ఇచ్చే కొద్దిపాటి వ్యవధిలో ప్రశ్నలు చదివి, ఏం వినాలో గీత గీసుకున్నాను. తెలియని మాటను పోనిచ్చాను. రాసేటప్పుడు అడిగిన ప్రతి అంశం పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయాను. వినడం 70, రాయడం 74. నాయిన రెండు అంకెలూ క్యాలెండర్ మీద రాసి, కింద గీత గీశాడట. బీ2 చదువు ఇప్పుడు నడుస్తోంది.

మొన్న నైట్ డ్యూటీలో మణిపూర్ అమ్మాయి నా పక్క వార్డులో ఉంది. రాత్రి రెండింటికి తలకు కట్టుతో ఉన్న ఒక పెద్దమ్మ మంచం దగ్గర నిలబడి, నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడుగుతోంది: "పెద్దమ్మా, ఇది ఏ ఊరు?"

"హైద్రాబాదే కద బిడ్డా," అంది పెద్దమ్మ. తర్వాత తల కొంచెం తిప్పి ఆ అమ్మాయి మొహంలోకి చూసి, "మరి నీదే ఊరు? మీ అమ్మ ఏడుంటది?" అని అడిగింది.

ఆ ప్రశ్న మా పరీక్షలో లేదు. అమ్మాయి చార్టు పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.